పురుగు నేర్పిన కోత

2023 జనవరి చివరి రోజుల్లో టెక్సస్ రాష్ట్రంలో, ఆస్టిన్ చుట్టుపక్కల వాన మొదలైంది. వాన మామూలుదే. కానీ నేలకు దగ్గరగా ఉన్న గాలి సున్నా డిగ్రీల కిందికి దిగిపోయి ఉంది. అలాంటి గాలిలోంచి జారే చినుకు గడ్డకట్టకుండా, గడ్డకట్టడానికి సిద్ధంగా కిందికి వస్తుంది. ఆకుకో, కొమ్మకో, కరెంటు తీగకో తగిలిన క్షణంలోనే మంచై అంటుకుపోతుంది. చలికాలంలో ఆకు రాల్చే చెట్టయితే ఆ బరువును కొంత తప్పించుకుంటుంది. ఆస్టిన్ కొండల మీద ఎక్కువగా ఉండేవి లైవ్ ఓక్, జూనిపర్. రెండూ చలికాలమంతా ఆకుతో ఉండేవే. ప్రతి ఆకూ ఒక మంచు గరిటె అయింది. రెండు రాత్రులు కొమ్మలు తుపాకులు పేలినట్టు విరిగాయి. లక్షన్నరకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది.

మంచు కరిగాక మా బావమరిది ఫోన్ చేశాడు. ఆస్టిన్‌కు పడమరన డ్రిప్పింగ్ స్ప్రింగ్స్ వైపు అతనికి ఆరెకరాలుంది. కంచె మీద రెండు ఓక్ కొమ్మలు, దారికి అడ్డంగా ఒక చెట్టు.

"బావా, రంపం కొనాలి. ఎన్ని అంగుళాలది తీసుకోమంటావు? ఇరవైనాలుగు సరిపోతుందా?"

దుకాణంలో డబ్బా మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది ఆ అంగుళాల అంకే కాబట్టి, ఎవరైనా అక్కడే మొదలుపెడతారు. అది బార్ పొడవు, అంటే చెయిన్ పరిగెత్తే ఆ చదును పట్టీ పొడవు. నా లెక్కలో అది ఆఖర్న తేల్చాల్సిన సంగతి. ముందు చెట్టును చూడాలి, తర్వాత ఇంజన్ని, ఆ తర్వాత చెయిన్ మీది పన్నును. ఈ మూడూ కుదిరితే అంగుళాలు వాటంతటవే తేలతాయి.

చెట్టు సంగతి చూద్దాం. లైవ్ ఓక్ ఎంత బరువైన కర్ర అంటే, పచ్చి దుంగను చెరువులో వేస్తే మునిగిపోతుంది. 1797లో బోస్టన్‌లో నీళ్లలోకి దించిన యుద్ధనౌక 'కాన్‌స్టిట్యూషన్'కు అస్థిపంజరం దక్షిణ తీరపు లైవ్ ఓక్‌తోనే కట్టారు. 1812 యుద్ధంలో బ్రిటిష్ ఫిరంగి గుళ్లు దాని పక్కటెముకలకు తగిలి ఎగిరిపడ్డాయని 'ఓల్డ్ ఐరన్‌సైడ్స్' అని పేరొచ్చింది. టెక్సస్ కొండల మీది లైవ్ ఓక్ దానికి దగ్గరి చుట్టమే. మన పొలంగట్టు మీది తుమ్మ చేవను గొడ్డలితో కొట్టినవాళ్లకు ఇలాంటి కర్ర ఎలా ఎదురు తిరుగుతుందో చేతులే చెబుతాయి. పక్కనే ఉండే జూనిపర్‌ను అక్కడివాళ్లంతా 'సీడార్' అనే పిలుస్తారు. అది తేలిక, కోతకు సులువు, కానీ మొదట్లోనే నాలుగైదు కొమ్మలుగా చీలి గుబురుగా పెరుగుతుంది. ఆరెకరాలున్న మనిషి ఏడాది పొడుగునా కోసేది ఎక్కువగా ఇదే. అడుగు, అడుగున్నర మందం దుంగలు; వంట చెరుకుకో చలిమంటకో రెండు మూడు కార్డ్‌ల కట్టెలు; గాలివానకు పడిన కొమ్మలు. మధ్యరకం వాడకం అంటే ఇదే. కార్డ్ అంటే నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు పేర్చిన కట్టెలు. అమెరికా పల్లెల్లో కట్టెలు కొనేదీ అమ్మేదీ ఆ కొలతతోనే.

ఈ పనికి 45 నుంచి 60 సీసీ దాకా ఉన్న ఇంజన్ చాలు. 50 సీసీ అంటే తెలుగువాళ్లకు బాగా తెలిసిన కొలత. 1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్ మీద ఎరువుల బస్తా వేసుకుని, వెనక ఇంకో మనిషిని ఎక్కించుకుని తిరగని పల్లె లేదు. అది టూ స్ట్రోక్ బండి. బంకులో పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ కలిపి పోయించుకునేవాళ్లం. రంపంలో ఉన్నదీ అంతే పరిమాణమున్న టూ స్ట్రోక్ ఇంజనే. ఇప్పటికీ 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్ కలపాలి. అమెరికా గ్యాలన్ పెట్రోలుకు సుమారు 76 మిల్లీలీటర్లు.

మోపెడ్లన్నీ ఎప్పుడో ఫోర్ స్ట్రోక్‌కు మారిపోతే రంపం ఇంకా టూ స్ట్రోక్‌నే ఎందుకు పట్టుకుని ఉంది? ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు అడుగున ఆయిల్ తొట్టి కావాలి. తొట్టి ఉన్న ఇంజన్ని నిటారుగా నిలబెట్టాలి. రంపాన్ని నిటారుగా పట్టుకునేదెంతసేపు? నిలబడ్డ చెట్టును కోసేటప్పుడు పక్కకు పడుకోబెడతాం, కొమ్మలు కొట్టేటప్పుడు తలకిందులు చేస్తాం. పెట్రోలులోనే ఆయిల్ కలిసి ఉంటే ఏ భంగిమలోనైనా లోపలి భాగాలకు తడి అందుతుంది. కార్బొరేటర్ కూడా అందుకే వేరు. మోపెడ్ కార్బొరేటర్‌లో పెట్రోలు చిన్న గిన్నెలో నిలబడి, మీద బెండులాంటిది తేలుతుంది. పక్కకు పడేస్తే పెట్రోలు ఒలికిపోతుంది. రంపంలో గిన్నె లేదు. ఊపిరి తీసినట్టు ముందుకూ వెనక్కీ కదిలే పల్చని పొర ఒకటి పెట్రోలును కొలిచి పంపుతుంది. తలకిందులు చేసినా దానికి తేడా లేదు.

మరి ఇంత చిన్న ఇంజనులోంచి ఓక్‌ను కోసే బలం ఎలా వస్తుంది? శక్తి అంటే తిప్పే బలాన్ని తిరిగే వేగంతో గుణించినది. బలం తక్కువైతే వేగం పెంచాలి. పొలంలో బోరు మోటారు మూడు హెచ్‌పీది అంటే ఇద్దరు కలిసి ఎత్తాల్సినంత ఇనుము. స్టిల్ కంపెనీ 'ఫార్మ్ బాస్' అని పిలిచే ఎంఎస్ 271లో 50.2 సీసీ ఇంజన్ సుమారు మూడున్నర హెచ్‌పీ ఇస్తుంది. బార్, పెట్రోలు లేకుండా దాని బరువు 5.6 కిలోలు. నిమిషానికి తొమ్మిది పది వేల చుట్లు తిరగడం వల్లే అది సాధ్యం. హస్క్‌వర్నా వాళ్లది ఇదే తరగతిలో 450 'రాంచర్', అదీ 50.2 సీసీనే. ఎకో వాళ్ల సీఎస్-590 'టింబర్ వుల్ఫ్' 59.8 సీసీ. ఈ పేర్లు వింటేనే ఎవరికోసం తయారయ్యాయో తెలుస్తుంది: పొలం యజమాని, పశువుల క్షేత్రం నడిపే మనిషి. హస్క్‌వర్నా పుట్టింది 1689లో, స్వీడన్ రాజుగారి తుపాకుల కార్ఖానాగా. రంపాలు చేయడం మొదలుపెట్టింది మాత్రం 1959లోనే.

ఇక్కడే కొనేవాడు తికమక పడతాడు. అదే స్టిల్‌లో ఎంఎస్ 261 అని ఇంకొకటుంది. సీసీ అంతే, 50.2. కానీ శక్తి 3 కిలోవాట్లు, బరువు 4.9 కిలోలు. బరువు తగ్గి శక్తి పెరిగింది కాబట్టి ధర కూడా బాగా పెరిగింది. అది రోజంతా అడవిలో పనిచేసేవాళ్లకోసం చేసింది. ఏడాదిలో పదిహేను ఇరవై రోజులు వాడే మనిషికి 'ఫార్మ్' తరగతి చాలునన్నది నా అభిప్రాయం. మిగిలిన డబ్బుతో హెల్మెట్, కాళ్లకు చాప్స్, రెండు చెయిన్లు, ఆకురాళ్లు వస్తాయి. నడుము నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం ఈ మాట చెప్పను. చేతిలో 700 గ్రాములు తగ్గడం సాయంత్రానికి చాలా పెద్ద సంగతి.

ఇప్పుడు పన్ను దగ్గరికొద్దాం. నన్నడిగితే ఈ యంత్రంలో అసలు విజ్ఞానమంతా అక్కడే ఉంది.

మన ఊళ్లలో ఒకప్పుడు దుంగను ఎత్తున పెట్టి, పైన ఒకరు కింద ఒకరు నిలబడి రంపంతో పలకలు కోసేవాళ్లు. నిలువుకోత రంపం పళ్లు వేరు, అడ్డకోత రంపం పళ్లు వేరు. కర్రలోని నారలు కట్టలు కట్టిన గడ్డిపరకల్లా పొడవునా ఉంటాయి. పొడవు వెంట కోయాలంటే ఉలిలా లేపాలి, అడ్డంగా కోయాలంటే కత్తిలా తెగ్గొట్టాలి. తొలినాళ్ల చెయిన్ రంపాలకు చేతిరంపం పళ్లనే గొలుసుకు అతికించారు. అవి కర్రను గీకేవి, పొట్టుతో నిండిపోయేవి, తొందరగా మొద్దుబారేవి. ఇంజనుకు బలమున్నా పని సాగేది కాదు.

1946లో ఆరెగాన్ రాష్ట్రపు అడవిలో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అనే కలప కార్మికుడు కట్టెలు కొడుతూ ఒక మొద్దు దగ్గర ఆగిపోయాడు. అందులో చూపుడువేలంత పురుగొకటి కర్రను తొలుచుకుంటూ పోతోంది. కలప తినే పెంకుపురుగు పిల్లదశ అది. నారల వెంటా, నారలకు అడ్డంగా కూడా అది ఒకే తీరుగా, ఆగకుండా వెళ్తోంది. కాక్స్ దాని దవడలను గమనించాడు. అవి ఇంగ్లీషు 'సీ' అక్షరంలా వంగి ఉన్నాయి. ఎడమకొకటి, కుడికొకటి వంతులవారీగా కొరుకుతున్నాయి. గీకడం లేదు, చెక్కుతున్నాయి. ఆ వంపును ఉక్కులోకి దించి, ఎడమ పన్ను, కుడి పన్ను ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా గొలుసు చేశాడు. 1947లో పోర్ట్‌లండ్‌లో తన ఇంటి నేలమాళిగలోనే దాని తయారీ మొదలుపెట్టాడు. ఆ కంపెనీయే ఇప్పటి ఆరెగాన్. ఇవాళ ప్రపంచంలో దాదాపు ఏ రంపం చెయిన్ చేతిలోకి తీసుకున్నా కనిపించేది ఆ పురుగు దవడే.

ఒక పన్నును దగ్గరగా చూడండి. పక్క అంచు నారలను అడ్డంగా తెంచుతుంది. పై అంచు, ఉలిలా, తెగిన నారలను పెళ్లగా లేపుతుంది. దాని ముందు చిన్న మూపురంలాంటిది ఒకటుంటుంది, రేకర్ అంటారు. అది కోయదు. పన్ను ఎంత లోతుగా కొరకాలో నిర్ణయిస్తుంది. పన్ను అంచుకన్నా రేకర్ అంగుళంలో వెయ్యోవంతులు పాతిక, అంటే 0.6 మిల్లీమీటర్ల కంటే కాస్త ఎక్కువ, కిందికి ఉంటుంది. గోరు మందమంత ఆ తేడాలోనే రంపం పనితనమంతా ఉంది. తేడా తక్కువైతే చెయిన్ కర్ర మీద జారిపోతుంది. ఎక్కువైతే పట్టేసుకుని చేతుల్ని విదిలిస్తుంది.

పదును పోయిందని చెప్పడానికి భూతద్దం అక్కర్లేదు. పదునుగా ఉన్న చెయిన్ పెళ్లలు రాలుస్తుంది, మొద్దుబారినది పిండి రాలుస్తుంది. రంపాన్ని చేత్తో కిందికి నొక్కాల్సి వస్తోందంటే పదును పోయినట్టే. కోత ఒక పక్కకు వంకర పోతోందంటే ఒకవైపు పళ్లు ఎక్కువ అరిగాయన్నమాట. టెక్సస్ కొండల్లో నేలంతా సున్నపురాయి. దుంగను కోస్తూ ఒక్కసారి నేలకు తగిలిస్తే చాలు, పళ్ల పని అయిపోతుంది. అందుకే పొలం పనికి మూల మరీ వాడిగా ఉన్న పన్ను కాకుండా, మూల కాస్త గుండ్రంగా ఉన్నది తీసుకోమంటాను. దాన్ని సెమీ చిజిల్ అంటారు. కోత కొంచెం నెమ్మది, కానీ దుమ్ములో ఎక్కువసేపు నిలుస్తుంది.

చెయిన్ కొలతల్లో పిచ్ అని ఒకటుంటుంది. వరసగా మూడు రివెట్ల మధ్య దూరాన్ని రెండుతో భాగిస్తే వచ్చేది అది. 50 సీసీ రంపాలకు సాధారణంగా 0.325 అంగుళాల పిచ్ వస్తుంది. దానికి పట్టే గుండ్రటి ఆకురాయి 3/16 అంగుళాలది. వేగం లెక్క కడదాం. ఏడు పళ్ల చక్రం ఒక్క చుట్టు తిరిగితే చెయిన్ పద్నాలుగు పిచ్‌లు, అంటే సుమారు 11.5 సెంటీమీటర్లు కదులుతుంది. నిమిషానికి 9,500 చుట్లంటే సెకనుకు 18 మీటర్లు. గంటకు 65 కిలోమీటర్లు. ఊరి రోడ్డు మీద బస్సు వేగంతో పళ్ల గొలుసు మోకాళ్లకు మూరెడు దూరంలో పరిగెత్తుతోందన్నమాట.

ఇక అంగుళాలు. బార్ పొడవు పెరిగిన కొద్దీ కర్రలో ఒకేసారి దిగే పళ్లు పెరుగుతాయి, ఇంజన్ మీద లాగుడు పెరుగుతుంది. 50 సీసీ ఇంజనుకు ఇరవైనాలుగు అంగుళాల బార్ పెట్టి లైవ్ ఓక్‌లో దించితే ఇంజన్ మూలుగుతుంది, చెయిన్ నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. పదహారో పద్దెనిమిదో పెడితే అదే ఇంజన్ ఉత్సాహంగా తిరుగుతుంది. అంతకన్నా లావు దుంగ వస్తే అటునుంచి సగం, ఇటునుంచి సగం కోయవచ్చు. పొట్టి బార్‌కు పదును పెట్టాల్సిన పళ్లు తక్కువ, నేలకు తగిలే ముక్కు కూడా మనకు దగ్గరగా, కనిపిస్తూ ఉంటుంది. మా బావమరిదికి పద్దెనిమిది చెప్పాను. కాస్త నిరాశపడ్డాడు.

బార్ ముక్కు గురించి చెప్పకుండా ఈ మాట ముగించకూడదు. ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా పైకి, వెనక్కి, మన ముఖం వైపు తంతుంది. కిక్‌బ్యాక్ అంటారు. చెయిన్ ముక్కు చుట్టూ తిరిగేటప్పుడు వంపు వల్ల రేకర్ పక్కకు ఒదిగిపోతుంది, పన్ను మామూలుకన్నా లోతుగా కొరికేస్తుంది. కొరికిన పన్ను ఆగిపోతే, పరిగెత్తే గొలుసు బలమంతా రంపాన్నే వెనక్కి తిప్పుతుంది. మనిషి స్పందించడానికి సెకనులో కనీసం అయిదో వంతు పడుతుంది. అంతకన్నా ముందే తన్ను తగిలిపోతుంది. కాబట్టి జాగ్రత్తగా ఉంటాలెమ్మనే ధైర్యం పనికిరాదు. ముందు చేతికి అడ్డుగా ఉండే పలక చెయిన్ బ్రేక్. తన్నుడు వేగానికి అది దానంతటదే పడి గొలుసును ఆపుతుంది. కొనేటప్పుడు అది పనిచేస్తోందో లేదో దుకాణంలోనే చూపించమని అడగండి. తన్నుడు తక్కువగా ఉండే చెయిన్‌లో రేకర్ పక్కన ఇంకొక ఏటవాలు లింకు ఉండి, ముక్కు దగ్గర తెరుచుకునే ఆ సందును పూడుస్తుంది. కొత్తవాళ్లు అదే వాడాలి. బొటనవేలితో చుట్టి పట్టుకోవాలి, రంపం వెళ్లే గీతకు ఎడమగా నిలబడాలి, భుజం కన్నా ఎత్తులో కోయకూడదు. చాప్స్‌లో పొరలుపొరలుగా పొడవాటి నారలుంటాయి. చెయిన్ తగిలితే ఆ నారలు బయటికి వచ్చి పళ్లకు చుట్టుకుని చక్రాన్ని బిగించేస్తాయి. గాయాలు ఎక్కువగా కాళ్లకే కాబట్టి చాప్స్ లేకుండా రంపం కొనవద్దనే చెబుతాను.

చెవుల లెక్క కూడా కఠినమే. పెట్రోలు రంపం చప్పుడు సుమారు 110 డెసిబెల్స్. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూత్రం ప్రకారం 85 డెసిబెల్స్‌కు ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి మూడింటికీ సమయం సగం. అలా దిగుతూ పోతే 110 దగ్గర మిగిలేది ఒకటిన్నర నిమిషం. వణుకుడు సంగతి ఇంకా పాతది. 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఇండియానాలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాయి గనులకు వెళ్లి, గాలి సుత్తులు పట్టిన రాళ్లు చెక్కేవాళ్ల వేళ్లు చలికి పాలిపోయి మొద్దుబారడాన్ని నమోదు చేసింది. అడవుల్లో రంపాలు పట్టినవాళ్లకూ తర్వాత అదే జబ్బు వచ్చింది. ఇప్పటి రంపాల పిడికి, ఇంజనుకు మధ్య స్ప్రింగులు గానీ రబ్బరు ముద్దలు గానీ ఉంటాయి. కొనేముందు పిడి పట్టుకుని ఊపి చూస్తే ఆ సడలింపు తెలుస్తుంది.

బ్యాటరీ రంపం కొంటే ఏం? అని చాలామంది అడుగుతున్నారు, అడగాలి కూడా. లెక్క ఇది. ట్యాంకులో పట్టే అరలీటరు పెట్రోలులో సుమారు 4.7 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజన్ అందులో అయిదో వంతే పనిగా మారుస్తుందనుకున్నా దాదాపు ఒక యూనిట్. 56 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 0.28 యూనిట్. మోటారు దాన్ని దాదాపుగా వృథా చేయదు, అయినా ఒక ట్యాంకుకు నాలుగు బ్యాటరీలు కావాలి. సీడార్ గుబుర్లు కొట్టడానికి, కొమ్మలు దిద్దడానికి బ్యాటరీ రంపం హాయి. పొగ లేదు, మిశ్రమం కలిపే పని లేదు. కాలిఫోర్నియాలో 2024 నుంచి కొత్త చిన్న పెట్రోలు ఇంజన్ల మీద కట్టడి వచ్చింది. కానీ 45 సీసీ, ఆపైన ఉన్న రంపాలు దాని పరిధిలోకి రావు. మనం చెప్పుకుంటున్న మధ్యరకం సరిగ్గా ఆ గీత దగ్గరే మొదలవుతుంది. నాకు మాత్రం ఆ మంచువాన గుర్తొస్తుంది. రంపం అత్యవసరమైన రోజునే కరెంటు లేదు. అలాగని పెట్రోలు కూడా నమ్మకద్రోహం చేయగలదు. అమెరికా బంకుల్లో పెట్రోలులో సాధారణంగా పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను లాగుతుంది, నెలల తరబడి నిలవుంటే కార్బొరేటర్ పొరను గట్టిపరుస్తుంది. మూలన పెట్టే రంపంలో ఇథనాల్ లేని డబ్బా పెట్రోలు పోయడం మేలు.

రంపం వచ్చాక శనివారం ఇద్దరం కంచె దగ్గరికెళ్లాం. పడిన చెట్టు నిలబడ్డ చెట్టుకన్నా ప్రమాదకరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేసిన మర్నాడు రోడ్లకు అడ్డంగా పడ్డ చెట్లను కోసినవాళ్లందరూ ఎదుర్కొన్నది ఇదే చిక్కు. వంగిన కొమ్మ విల్లులాంటిది. ఒక పక్క నారలు నలిగి ఉంటాయి, రెండో పక్క సాగి ఉంటాయి. సాగిన పక్క ముందు కోస్తే కొమ్మ చీలి మీదికి ఎగురుతుంది. నలిగిన పక్క లోతుగా కోస్తే బార్‌ను బిగించేస్తుంది. అందుకే ముందు నలిగిన పక్క కొద్దిగా గాటు పెట్టి, తర్వాత సాగిన పక్కనుంచి మెల్లగా దిగాలి. మొదటి కొమ్మ దగ్గర పది నిమిషాలు చూస్తూనే నిలబడ్డాం.

"ఎటు వంగిందో తెలియడం లేదు బావా," అన్నాడు.

"తెలిసేదాకా స్టార్ట్ చేయకు," అన్నాను.

సంచిలో ఇంకొకటి కూడా తెచ్చాను, పెయింట్ స్ప్రే డబ్బా. ఓక్ విల్ట్ అనే బూజు తెగులు ఈ చెట్లను వరసగా చంపుతోంది. రెడ్ ఓక్ బెరడు కింద ఆ బూజు పులిసిన పండు వాసనతో పెరుగుతుంది. ఆ వాసనకు వచ్చిన చిన్న పెంకుపురుగు, కొత్తగా కోసిన ఓక్ గాయం దగ్గరికి వెళ్లి రసం తాగుతూ బూజును అంటిస్తుంది. లైవ్ ఓక్‌ల వేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి, కాబట్టి ఒక చెట్టుకు వస్తే గుంపు మొత్తానికి పాకుతుంది. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్‌లను కోయవద్దనీ, తప్పక కోస్తే ఏ కాలంలోనైనా గాయానికి వెంటనే రంగు పూయమనీ టెక్సస్ ఎ అండ్ ఎం అటవీ సేవా సంస్థ చెబుతుంది. ఆ మంచువాన ముగిసింది సరిగ్గా ఫిబ్రవరి మొదటి వారంలో.

అతను కోస్తున్నాడు, నేను వెనకాలే రంగు కొడుతున్నాను. మధ్యాహ్నానికి పెళ్లలు సన్నబడి పిండి రాలడం మొదలైంది. రంపం ఆపి, బార్‌ను మొద్దులో బిగించి, ఆకురాయి అతని చేతికిచ్చాను. పన్నుకు మూడు తోపులు, ఒకే దిక్కుకు. ఎడమ పళ్లన్నీ అయ్యాక కుడి పళ్లు.